ఏఐతో గొంతు కాపీ: బాలు కుటుంబం ఎందుకు నోటీసు ఇచ్చింది?

చనిపోయిన గాయకుడి గొంతుతో కొత్త పాట చేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. మరి ఎవరిని అడిగి చేయాలి? నెల్లూరు బిడ్డ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు విషయంలో ఈ ప్రశ్న లీగల్ నోటీసు దాకా వెళ్లింది.

ఎలా చేస్తారు?

గాయకుడి పాత రికార్డింగులను ఏఐ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తారు. ఆయన స్వరం, పలుకు, విరుపు ఎలా ఉంటాయో అది నేర్చుకుంటుంది. తర్వాత పాటను వేరే గాయకుడు పాడతాడు. సాఫ్ట్‌వేర్ అతని గొంతు తీసేసి పాత గాయకుడి గొంతు పెడుతుంది.

బాలు విషయం

నెల్లూరు హరికథా కళాకారుడు సాంబమూర్తి కుమారుడైన బాలు 1966లో తొలి సినిమా పాట పాడారు. 2020 సెప్టెంబర్ 25న చెన్నైలో కన్నుమూశారు. యాభై ఏళ్లకు పైగా పాడారు కాబట్టి రికార్డింగులకు కొదవ లేదు.

2023 నవంబర్‌లో 'కీడా కోలా' సినిమా వచ్చింది. అందులో తన తండ్రి గొంతును ఏఐతో వాడారని ఆరోపిస్తూ కుమారుడు చరణ్ 2024 జనవరిలో నిర్మాతలకు, సంగీత దర్శకుడు వివేక్ సాగర్‌కు నోటీసు పంపారు. క్షమాపణ, నష్టపరిహారం, రాయల్టీలో వాటా అడిగారు. టెక్నాలజీని ఆయన తప్పుపట్టలేదు. కుటుంబానికి చెప్పకుండా చేశారన్నదే ఆయన బాధ.

అడిగి చేసినవాళ్లూ ఉన్నారు

అదే జనవరిలో ఏఆర్ రెహమాన్ 'లాల్ సలామ్' తమిళ సినిమా పాటకు షాహుల్ హమీద్, బంబా బాక్యా గొంతులను ఏఐతో తెచ్చారు. ఇద్దరూ అప్పటికే చనిపోయారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని రెహమాన్ స్వయంగా ప్రకటించారు.

చట్టం ఏమంటోంది?

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 38 ప్రకారం గాయకులకు తమ ప్రదర్శనపై 50 ఏళ్ల హక్కు ఉంటుంది. అయితే ఆ చట్టం రాసినప్పుడు గొంతును కాపీ కొట్టే యంత్రం లేదు. 2024 జూలైలో అరిజిత్ సింగ్ కేసులో బాంబే హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సెలబ్రిటీ గొంతును అనుమతి లేకుండా ఏఐతో తయారుచేయడం వారి వ్యక్తిత్వ హక్కులకు భంగమని చెప్పింది. కానీ అరిజిత్ బతికున్న గాయకుడు. చనిపోయినవారి గొంతుపై వారసులకు ఎంత హక్కు ఉందో తేల్చే స్పష్టమైన చట్టం మన దగ్గర లేదు.

చిన్న కళాకారులు ఏం చేయాలి?

పెద్ద గాయకుల కుటుంబాలు నోటీసు పంపగలవు. పెళ్లిళ్లలో, కవ్వాలీ మెహఫిల్‌లలో పాడేవాళ్లకు ఆ స్థోమత ఉండదు. అందుకే రికార్డింగుకు ముందే కాగితం మీద రాయించుకోవాలి: ఈ గొంతును ఏఐకి వాడొచ్చా లేదా, వాడితే ఎంత ఇస్తారు, తమ తర్వాత ఎవరిని అడగాలి.