గాలం దారం, అతుకు ముడి

హెర్న్‌డన్‌కు నది లేదు. (ఈ పేరు టైపు చేయడం కూడా అంత తేలిక కాదు. న పొల్లు తర్వాత డ కొడితే రెండూ అతుక్కుపోయి "హెర్న్డన్" అయి కూర్చుంటుంది. మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టి విడదీయాలి. ఎవరూ చెప్పరు, మనమే కనిపెట్టుకోవాలి.) ఊళ్ళో ఉన్నదల్లా షుగర్‌లాండ్ రన్ అనే ఒక వాగు. అది వంకర్లు తిరుగుతూ పోయి పొటోమాక్‌లో కలుస్తుంది. ఊరి పేరు మాత్రం నీళ్ళలో పోయిన మనిషిది. విలియం లూయిస్ హెర్న్‌డన్ నౌకాదళ అధికారి, 1851-52లో అమెజాన్ నది వెంట ప్రయాణం చేసినవాడు. 1857 సెప్టెంబరులో ఎస్.ఎస్. సెంట్రల్ అమెరికా అనే ఆవిరి ఓడ తుఫానులో చిక్కుకున్నప్పుడు దాని కెప్టెన్ ఆయనే. ఆడవాళ్ళనూ పిల్లలనూ వేరే ఓడకు దాటించి, తను ఓడతోపాటే మునిగిపోయాడు.

ఈ ఊళ్ళో కోడు రాసుకునే నాకు గాలం మీద ఆసక్తి కలగడానికి కారణం కొర్రమీను. అదే జాతికి చెందిన ఉత్తరాది చేప, ఇక్కడివాళ్ళు నార్తర్న్ స్నేక్‌హెడ్ అంటారు, 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్‌లో ఒక చెరువులో బయటపడింది. టీవీలన్నీ రాక్షసి దిగినట్టు గోల చేశాయి. చెరువుకు మందు పెట్టి చంపారు. 2004కల్లా పొటోమాక్‌లో కనబడింది, ఇక పోలేదు. ఇప్పుడు దాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు గానీ ప్రాణంతో దగ్గర పెట్టుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. తెలంగాణకు రాష్ట్ర చేప అయిన జాతికి ఇక్కడ ఇదీ మర్యాద. మా ఆఫీసులో నెల్లూరు వైపు ఆయన ఒకరున్నారు. "తమ్ముడూ, వీళ్ళు చంపెయ్యమంటున్నారు, మనం పులుసు పెడదాం, ఇద్దరికీ లాభమే గదా" అని నన్ను పోహిక్ బే తీసుకెళ్ళారు.

అక్కడ ఆయన రీలు చూసి ఆశ్చర్యపోయాను. గాలానికి ఉండేది ఒక దారం అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. రీలు మీద చుట్టింది అల్లిన దారం. దానికి ముందు రెండు బారల పొడవున వేరే రకం, గాజులా ఉండే ఒంటిపోగు దారం. అల్లిన దారం సన్నగా ఉండీ బలంగా ఉంటుంది, సాగదు, చేప ముట్టగానే చేతికి తెలుస్తుంది. కానీ నీళ్ళలో కనబడుతుంది, రాయికి రాసుకుంటే పోగులు లేస్తాయి. ఒంటిపోగు దారం కంటికి ఆనదు, రాపిడికి ఓర్చుకుంటుంది. దేని గుణం దానిది. రెండూ కావాలంటే ఎక్కడో ఒకచోట కలపాలి. చేప పెనుగులాడితే తెగేది సాధారణంగా ఆ కలిపినచోటే.

గాలం దారం చరిత్ర అని వెతికితే దొరికేదంతా రసాయనశాస్త్ర చరిత్ర. ఏ కంపెనీ, ఏ సంవత్సరం, ఏ పేటెంటు. ఆ దారాన్ని పాత దారానికి ఎలా కలిపారన్నది ఎక్కడో అడుగున ఒక వాక్యం. నా లెక్కలో ఇది తలకిందులు. కొత్త దారం ఎంత గొప్పదైనా, దానికి పనికొచ్చే ముడి దొరికేదాకా అది ఉండచుట్టిన దారమే.

గాలంతో వేటని వినోదంగా రాసిన పాత పుస్తకాల్లో మన పక్కదే ఒకటుంది. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగం. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దేనికి ఏ ఎర, అన్నీ ఉన్నాయి. అప్పటికి మన కాకతీయులు ఇంకా ఆ చాళుక్యుల సామంతులే. ఇంగ్లీషువాళ్ళు తమ మొదటి గాలం పుస్తకమని చెప్పుకునేది 1496లో వింకిన్ డి వర్డ్ అచ్చువేసినది, జూలియానా బెర్నర్స్ అనే ఆవిడ పేరు మీద నడుస్తోంది. మనది దానికన్నా మూడున్నర శతాబ్దాలకు పైగా పెద్దది. ఈ సంగతి నెల్లూరు ఆయనకు చెబితే "అప్పుడు కూడా ఎర కన్నా కబుర్లే ఎక్కువ ఉండుంటాయి" అన్నారు.

ఆ ఇంగ్లీషు పుస్తకంలో దారమంటే గుర్రం తోక వెంట్రుక. ఏ చేపకు ఎన్ని వెంట్రుకలు పేనాలో పట్టీ ఇచ్చారు. చిట్టి చేపకు ఒకటి, ట్రౌట్‌కు తొమ్మిది, సాల్మన్‌కు పదిహేను. మగ గుర్రం తోకే శ్రేష్ఠమని తర్వాతి వేటగాళ్ళ నమ్మకం, ఆడగుర్రం తోక మూత్రంలో నాని బలహీనపడుతుందట. వెంట్రుక పొడవు ఎంతని, రెండు మూడు అడుగులు. కాబట్టి పేనిన ముక్కలని ఒకదానికొకటి ముడి వేసుకుంటూ పోవాలి. గాలం దారం అంటే మొదటినుంచీ అతుకుల దారమే. ఒకే పోగుగా వందల గజాలు వచ్చే దారం నిన్న మొన్నటి సంగతి.

గుర్రం వెంట్రుక తర్వాత వచ్చింది పట్టుపురుగు. పట్టుదారం కాదు, పట్టుపురుగు కడుపులోని గ్రంథి. గూడు కట్టబోయే ముందు పురుగును వెనిగర్‌లో నానబెట్టి, చీల్చి, పట్టు గ్రంథిని బయటికి తీసి సాగలాగి ఆరబెడతారు. గట్టి, పారదర్శకమైన తీగ వస్తుంది. స్పెయిన్‌లో మూర్సియా దీనికి పెట్టింది పేరు. ఒక్కో పురుగు నుంచి వచ్చేది మహా అయితే అడుగూ అడుగున్నర. మూడు గజాల దారం కావాలంటే ఎన్ని పురుగులో, వాటి మధ్య ఎన్ని ముళ్ళో మీరే లెక్కవేసుకోండి. పైగా ఎండిన తీగ పుల్లలా విరుగుతుంది. నీళ్ళలో నానబెట్టి మెత్తబడ్డాకే ముడి వేయాలి. ఆ కాలపు వేటగాళ్ళు తడి గుడ్డ పరిచిన చిన్న డబ్బాల్లో ఈ తీగల్ని పెట్టుకుని తిరిగేవాళ్ళు.

రెండు బిరుసు తీగలని కలపడానికి ఆ కాలంలో స్థిరపడ్డ ముడికి బ్లడ్ నాట్ అని పేరు, రక్తపు ముడి అనుకోండి. రెండు కొసలనీ ఎదురెదురుగా పెట్టి, ఒకదాని చుట్టూ ఒకటి నాలుగైదు చుట్లు తిప్పి, రెండు కొసలనీ నడిమి సందులోకి దూర్చి లాగుతారు. బిగిశాక చిన్న పీపాలా కనబడుతుంది. 1944లో 3,800కు పైగా ముళ్ళ వివరాలతో పుస్తకం వేసిన క్లిఫర్డ్ ఆష్లీ దీన్ని పీపా ముడి అనే పిలిచాడు. సన్నగా, బిరుసుగా, జారుడుగా ఉండే దారాలకు దీన్ని మించింది లేదని ఆయన తీర్పు. ఆ పుస్తకం నా దగ్గరుంది, దిండు కింద పెట్టుకునే సైజు కాదు, దిండే అంత ఉంటుంది.

ఇందులో కిటుకు ఒకటి గమనించాలి. రెండు తీగలూ ఒకే లావు, ఒకే రకం అయితేనే ఈ ముడి నిలుస్తుంది. లావులో తేడా ఎక్కువైతే సన్నది లావుదాని మీద జారిపోతుంది.

నైలాన్ కథ అందరికీ తెలిసిందే. డ్యూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోదర్స్ బృందం 1935 ఫిబ్రవరి 28న తయారుచేసింది. 1938 అక్టోబరులో లోకానికి చెప్పారు. అప్పటికి కరోదర్స్ లేడు, 1937 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1939 చివర్లో డెలవేర్‌లోని సీఫర్డ్‌లో మొదటి కర్మాగారం, 1941లో మా వర్జీనియాలోనే మార్టిన్స్‌విల్‌లో రెండోది. మేజోళ్ళు, యుద్ధంలో పారాషూట్లు, ఆ తర్వాత గాలం దారం. పురుగుల్ని చీల్చే పని లేదు, నానబెట్టే పని లేదు, ముక్కలు అతికే పని లేదు. కానీ పురుగు తీగకు నిలిచిన ముళ్ళు కొన్ని నైలాన్ మీద ఊడిపోయాయి. నైలాన్ నునుపు, పైగా సాగుతుంది. చుట్లు పెంచారు, ముడి బిగించేముందు ఉమ్ముతో తడపడం మొదలుపెట్టారు. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం అక్కడే దెబ్బతింటుంది. 1940ల చివర్లో స్టాన్లీ బార్న్స్ ప్రత్యేకంగా పురుగు తీగలోనూ నైలాన్‌లోనూ వేసే ముళ్ళ మీద ఒక పుస్తకమే రాయాల్సి వచ్చింది.

లావు సన్నం కలపడానికి ఫ్లోరిడా కీస్‌లో పడవ నడిపే గైడు జిమ్మీ ఆల్‌బ్రైట్ పేరు మీద ఒక ముడి ఉంది. లావుదాన్ని మడిచి ఉచ్చుగా చేసి, దాని చుట్టూ సన్నదాన్ని పది పన్నెండు చుట్లు చుడతారు. 1970లలో విక్ డనవే అనే పాత్రికేయుడు, ఒకే ముడిని రెండు వైపులా వేసి ఎదురెదురుగా జార్చి కలిపే పద్ధతిని బాగా ప్రచారం చేశాడు. చీకట్లో, ఊగే పడవలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు వేయగలిగే ముడి అదే. నాకు అదే నచ్చుతుంది.

మన తీరంలో ఇదే కథ వలలో జరిగింది. నూలు, జనుము వలల్ని చెట్ల బెరడు కషాయంలో ముంచి ఆరబెట్టుకుంటేనే నాలుగు కాలాలు మన్నేవి. 1957లో కొచ్చిన్‌లో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పెట్టారు. ఆ రోజుల నుంచే నైలాన్ వలలు మెల్లగా నూలు వలల్ని తోసేస్తూ వచ్చాయి. వల కన్నుకు కన్నుకు మధ్య వేసే ముడి ఒంటిపోగు నైలాన్ మీద జారుతుంది. కన్ను జారితే వల చేపను పట్టదు. అందుకని అదే ముడికి ఇంకో చుట్టు తోడిచ్చి జంట ముడి చేశారు, యంత్రంతో అల్లిన వలనైతే వేడి పెట్టి ముడిని కుదిర్చారు. ఇంటి అరుగు మీద కూర్చుని అల్లిన చేతులకు పని తగ్గింది. నూలు వల సముద్రంలో పోతే కొన్నాళ్ళకు కుళ్ళి మట్టిలో కలిసేది. నైలాన్ వల పోతే పోయినచోటే ఉండి, మనిషి లేకుండానే చేపల్ని పడుతూ ఉంటుంది. పోహిక్ బే లాంటి చోట్ల తెగిన దారం పారేయకుండా వేయడానికి గొట్టం డబ్బాలు పెడుతున్నది ఇందుకే.

వల ముడి, నేతగాడి ముడి, ఓడ తెరచాప మూలకు తాడు కట్టే ముడి, మూడింటి అల్లిక ఒకటే. దీన్ని ఆష్లీ పుస్తకంలో చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. చీరాలలో మగ్గం నేసేవాడు. ఓడరేవులో వలలు అల్లేవాళ్ళకూ ఆయనకూ మధ్య నాలుగు మైళ్ళ దూరం, వృత్తులకు మాత్రం ఏ సంబంధమూ లేదని అందరూ అనుకునేవాళ్ళు. పడుగులో పోగు తెగితే వేళ్ళ కొసల మీద క్షణంలో ముడి వేసేవాడు. అయితే అచ్చు అతికేటప్పుడు అసలు ముడే వేసేవాడు కాదు. పాత పడుగు అయిపోతుంటే కొత్త పడుగు పోగుల్ని దానికి కలపాలి. బూడిద అద్దుకుని, పాత పోగూ కొత్త పోగూ పక్కపక్కన పట్టి పురి తిప్పి మడిచేవాడు, అంతే. వేల పోగులు. ముడి వేస్తే అచ్చు సందులో ఇరుక్కుంటుంది, పురి అయితే నున్నగా జారిపోతుంది. బూడిద ఎందుకంటే, పోగు జారకుండా పట్టు దొరకడానికి.

పట్టు దొరకడం అన్నదగ్గరే చివరి దారం కథ ఉంది. నెదర్లాండ్స్‌లో డీఎస్ఎమ్ కంపెనీలో పాల్ స్మిత్, పీట్ లెంస్త్ర 1979 ప్రాంతంలో పాలిథిలీన్‌ను జెల్లులా చేసి తీగలాగే పద్ధతి కనిపెట్టారు. మన కూరగాయల సంచీ ప్లాస్టిక్ కుటుంబమే, అణువులు మాత్రం బాగా పొడవు. డైనీమా అన్నది అక్కడి పేరు. అమెరికాలో స్పెక్ట్రా, రిచ్‌మండ్ దిగువన కలోనియల్ హైట్స్‌లో తయారవుతుంది. 1990ల మొదట్లో ఇది గాలం దారంగా బజారుకొచ్చింది. నీళ్ళకన్నా తేలిక, ఉక్కుకన్నా, బరువుకు బరువు లెక్కలో, ఎన్నో రెట్లు బలం. తెచ్చుకున్నవాళ్ళు మామూలు ముళ్ళు వేశారు. అవి వెన్నలోంచి వెంట్రుకలా ఊడొచ్చాయి.

ఎందుకో ఇంజనీరింగులో చదువుకున్నదే. గుంజకు తాడు చుడితే, ఒక కొసన చిన్న పట్టు ఎంత పెద్ద లాగుడును ఆపగలదో చెప్పే సూత్రం ఆయిలర్ కాలం నాటిది. చుట్లు పెరిగేకొద్దీ పట్టు కూడికగా కాదు, రెట్లుగా పెరుగుతుంది. ఎంత రెట్టు అన్నది రాపిడి గుణకాన్ని బట్టి. గుణకం 0.25 అనుకుంటే ఒక్క చుట్టుకు పట్టు దాదాపు 4.8 రెట్లు. అదే 0.06 అనుకుంటే ఒక్క చుట్టుకు 1.46 రెట్లు మాత్రమే. మొదటిదానికి ఒక చుట్టుతో వచ్చే పట్టుకు రెండోదానికి నాలుగు చుట్లు దాటాలి. ఎఫ్‌జీ అనే ముడిలో జరిగేది ఇదే. ఒంటిపోగు దారాన్ని అసలు వంచరు, నిటారుగా ఉంచుతారు. అల్లిన దారాన్ని దానికి అటొకసారి ఇటొకసారి ఇరవై సార్లు పెనవేస్తారు. లాగేకొద్దీ అల్లిక లోపలి దారాన్ని కొరుకుతుంది. ముడిలో మడత లేదు కాబట్టి బలం పెద్దగా పోదు, ఉబ్బు లేదు కాబట్టి గాలం విసిరినప్పుడు కడ్డీ రింగుల్లోంచి నున్నగా జారిపోతుంది. నెల్లూరు ఆయన దారం కొస నోట్లో పట్టుకుని, కడ్డీని మోకాళ్ళ మధ్య బిగించి, మూడు నిమిషాల్లో వేస్తారు. మా తాతయ్యకు చూపిస్తే ఒక్కసారికే వచ్చేసేది, బూడిద అడిగేవాడేమో.

ముందు కట్టే దారం ఇప్పుడు చాలామందికి ఫ్లోరోకార్బన్. జపాన్‌లో కురేహా కంపెనీ 1971లో తెచ్చింది. నీటికన్నా బరువు, వెలుతురును నైలాన్ కన్నా తక్కువ విరుస్తుంది, అందుకే చేప కంటికి తక్కువ ఆనుతుంది. అదే జపాన్‌లో ఒకప్పుడు అడవి పట్టుపురుగు నుంచి తీసిన గాలం తీగ వాడేవాళ్ళు. పురుగు పోయి నైలాన్ వచ్చినా పాత పేరే ఇంకా నడుస్తోంది. ఆ పేరు "తెగుసు". గాలం దారానికి అంతకన్నా అపశకునం పేరు తెలుగువాడెవడూ పెట్టడు.