ఎర్ర సిరా, రెండు కామాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు కబురు పెట్టారు. కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ల సర్వీసులో చేసిన పని డ్రాఫ్టులు రాయడం, తరువాత పిల్ల గుమాస్తాల డ్రాఫ్టులు దిద్దడం. అందుచేత ఇంగ్లీషు తప్పులు దిద్దే వ్యాపకానికి మన ప్రాంతంలో ఉన్న చరిత్ర కొంత మనవి చేస్తాను.

నేను 1973లో శ్రీకాకుళంలో ఉద్యోగంలో చేరాను. తెలుగును అధికార భాషగా చేస్తూ 1966లోనే చట్టం వచ్చినా, మా సెక్షనులో ఫైళ్లన్నీ ఇంగ్లీషులోనే నడిచేవి. మా సూపరింటెండెంటు గారి సొరుగులో అట్ట ఊడిన నెస్‌ఫీల్డు గ్రామరు ఒకటి ఉండేది. ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తే ‘అబౌట్’ మీద ఎర్ర గీత పడేది. ‘ఐ యామ్ హేవింగ్ టూ సన్స్’ అని సెలవు చీటీలో రాసిన ఒకాయనను, “కొడుకులను భోంచేస్తున్నావటయ్యా?” అని సెక్షనంతా వినేలా అడిగారు. పాపం, ఆ తప్పులు చేతకాక వచ్చినవి కావు. ‘గురించి చర్చించాం’ అని తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాస్తే ‘అబౌట్’ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈ ఇంగ్లీషు మోజు మనకు నిన్న మొన్నటిది కాదు. విజయనగరంలో 1857లో పెట్టిన మహారాజా వారి పాఠశాల 1879 నాటికి కాలేజీ అయింది. అక్కడ చదివి, అక్కడే ఇంగ్లీషు బోధించిన వారు గురజాడ అప్పారావు గారు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. నాటకానికి పీఠిక ఇంగ్లీషులో రాశారు, నాటకం మాత్రం ఊళ్లో జనం మాట్లాడే తెలుగులో రాశారు. వెంకటేశానికి గిరీశం చెప్పే ఇంగ్లీషు చదువు చూసి మనం ఇప్పటికీ నవ్వుకుంటాం. ఆ వేళాకోళం ఇంగ్లీషు రానివాడు చేసినది కాదని గుర్తుంచుకోవాలి.

1907 ప్రాంతంలో యేట్స్ అనే దొర మన ఉత్తరాది జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఇంగ్లీషును సూత్రాలు వల్లె వేయించి కాక, మాట్లాడుతూ మాట్లాడిస్తూ నేర్పాలనే డైరెక్టు మెథడులో ఆయన దిట్ట. మన బళ్లలో తెలుగు పాఠం వింటే, పిల్లవాడు మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. ఇదేమిటని ఆయన విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దీనికి గురజాడ వారూ, గిడుగు రామమూర్తి గారూ సమాధానం చెప్పగలరని అయ్యంగారు అన్నారట. వ్యావహారిక భాషోద్యమానికి అక్కడే అంకురం పడింది. ఇంగ్లీషు బాగా నేర్పాలన్న తాపత్రయం చివరికి తెలుగుకు మేలు చేసిందన్నమాట!

గిడుగు వారు మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితం మొదలుపెట్టి, సవర భాషను సొంతంగా సాధించారు. ఏ భాషకైనా ఒప్పు తప్పులు నిర్ణయించేది ఆ భాష మాట్లాడేవారి వాడుకే అని వారి వాదం. ఊరికే వాదించలేదు. తప్పులు లేని గ్రాంథికం రాస్తున్నామనే పండితుల పుస్తకాలు ముందేసుకుని, వారి వ్యాకరణం ప్రకారమే వారి తప్పులు ఏరి చూపించారు. 1933లో వచ్చిన ‘గద్య చింతామణి’ అలాంటిదే. దిద్దేవారినే దిద్దిన మనిషి. మా సూపరింటెండెంటు గారికి వారు తారసపడి ఉంటే ఎలా ఉండేదో అని చాలాసార్లు అనుకున్నాను.

వాడుకే ప్రమాణమన్న మాట ఇంగ్లీషుకూ వర్తిస్తుంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ అని రాస్తే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. అది దొరల ఉత్తరాల్లోంచి మనకు వచ్చిన మాటే, వారు మానేశారు, మనం అట్టే పెట్టుకున్నాం. ‘ప్రీపోన్’ మన దేశంలో చలామణీ అయిన మాట, ఇప్పుడు ఆక్స్‌ఫర్డు నిఘంటువులో కూడా ఉంది. ఇలాంటివాటి కోసం మనం ఖర్చు పెట్టిన ఎర్ర సిరా చాలావరకు దండగ.

అన్నీ దండగ కాదు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాక నాకు అటు బదిలీ అయింది. 1981లో ఒక నౌకరు చనిపోతే, ఆయన భార్య కుటుంబ పింఛను ఫైలు నా దగ్గర ఉంది. మారుమనువు చేసుకోలేదనే సర్టిఫికెట్టు ఆమె ఇంకా దాఖలు చేయలేదు. నిబంధన గుర్తు చేస్తూ ట్రెజరీకి ఉత్తరం రాసి, నకలు ఆమెకు పెట్టాను. ‘ద విడో హూ హేజ్ రీమారీడ్ ఈజ్ నాట్ ఎలిజిబుల్’ అన్నది నా వాక్యం. నిబంధనగా చెప్పాలంటే అందులో కామా ఉండకూడదు. నేను దర్జాగా ఉంటుందని ‘విడో’ తరువాత ఒకటి, ‘రీమారీడ్’ తరువాత ఒకటి పెట్టాను. దాంతో అర్థం మారిపోయి, ‘సదరు వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంది, ఆమె అర్హురాలు కాదు’ అని అయింది. పైవారు సంతకం చేశారు. ట్రెజరీ వారు చదివినట్టే చదివి పింఛను ఆపేశారు.

రెండు నెలల తరువాత ఆమె నకలు పట్టుకుని ఆఫీసుకొచ్చింది. పల్లెలో ఎవరో చదువుకున్న కుర్రాడు దానికి అర్థం చెప్పాడట.

“నాను మారుమనువెప్పుడు సేసుకున్నాను బావూ? మా ఊళ్లో అందరూ అడుగుతన్నారు,” అంది.

కేక వేయలేదు, తిట్టలేదు. ఆ కాగితం రాసింది నేనేనని ఆమెకు తెలియదు. బల్ల మీద పరిచి చూపిస్తే, నా కామాలు రెండూ నాకు కనబడ్డాయి.

అదే రోజు సవరణ ఉత్తరం పెట్టి సంతకం కోసం వెంటపడ్డాను. ఆమెకు వేరే ఉత్తరం తెలుగులో రాశాను. ‘మీరు మారుమనువు చేసుకున్నట్లు మా రికార్డులో ఎక్కడా లేదు. మునుపటి ఉత్తరంలో అలా పడినది మా పొరపాటు’ అని. తెలుగులో ఎందుకు రాశావని అడిగితే, ఊళ్లో నలుగురికీ చదివి వినిపించుకోవాలి కదండీ అన్నాను. మూడో నెలలో బకాయితో సహా పింఛను వచ్చింది. ఆ తెలుగు ఉత్తరాన్ని మాత్రం ఆమె కొంగున ముడేసుకుని చాలాకాలం తిరిగిందని, వాళ్ల ఊరి నుంచి వచ్చే మరో పింఛనుదారు నాకు చెప్పాడు.