ఆ పల్లె పిల్లలు దేన్ని తలుచుకున్నారు?

ఇంగ్లండ్ పల్లె అనగానే పుస్తకప్రియుల మనసులో ఒక బొమ్మ మెదులుతుంది. గడ్డికప్పు ఇళ్లు, చర్చి గంట, గులాబీ తీగ పాకిన గుమ్మం, పచ్చిక మీద పిల్లల ఆటలు. ఆ బొమ్మకు రంగులద్దినవి చాలావరకు బాల్య జ్ఞాపకాలే. 1939లో వచ్చిన ఫ్లోరా థాంప్సన్ ‘లార్క్ రైజ్’, 1959లో వచ్చిన లారీ లీ ‘సైడర్ విత్ రోజీ’ అక్కడివాళ్లు నేటికీ ఇష్టంగా చదువుకునే పుస్తకాలు. వీటిని సాక్ష్యంగా తీసుకోవడానికి మాత్రం చరిత్రకారుల్లో చాలామంది వెనకాడారు. పెద్దయ్యాక తలుచుకుంటే చిన్నతనమంతా తీపిగానే ఉంటుందని వాళ్ల అభ్యంతరం. నా ఉద్దేశంలో ఆ తీపిని తోసిపుచ్చకూడదు, అది ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. ఏ సంగతి దగ్గర రచయిత గొంతు సంతోషంగా పలికింది, ఏ సంగతి దగ్గర బిగుసుకుపోయింది అని గమనిస్తూ చదివితే, ఆ కుటుంబాల చేతిలో ఏముండేదో, ఏది చేజారిపోయిందో తెలిసిపోతుంది.

ఫ్లోరా 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని జూనిపర్ హిల్ అనే ముప్పై ఇళ్ల పల్లెలో పుట్టింది. తండ్రి రాతిపని మేస్త్రీ. ఇరుగుపొరుగంతా వ్యవసాయ కూలీలు. 1880లలో అక్కడి కూలి వారానికి పది షిల్లింగులు. ఇంటద్దె, బూట్లు, రొట్టె అన్నీ అందులోంచే రావాలి. ఆ కూలి గురించి రాసేటప్పుడు ఫ్లోరా మాట పొదుపుగా, బరువుగా సాగుతుంది. అదే ఇంటి వెనక కట్టేసిన పంది దగ్గరికి వచ్చేసరికి ఉత్సాహం పొంగుతుంది. పిల్లలు బడి నుంచి వస్తూ వస్తూ దానికి ఆకులు, నత్తలు ఏరి తెచ్చేవాళ్లు. ఆదివారాలు మగవాళ్లు దొడ్డి గోడకు ఆనుకుని దాని బరువు గురించే మాట్లాడుకునేవాళ్లు. పందికి పెట్టే బార్లీ పిండిని అరువు తెచ్చుకుని, కోసిన తర్వాత సగం మాంసం ఆ అప్పు కింద జమకట్టిన ఇళ్లూ ఉన్నాయి. అయినా ఆ పంది యజమాని దయ వల్ల వచ్చింది కాదు. ఆ ఇంటివాళ్లు పెంచుకున్నది. ఫ్లోరా సంతోషానికి మూలం అక్కడుంది.

పరిగె సంగతీ ఇంతే. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం ఎలాంటిదో తెలుగు పల్లెలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తల్లులు, పిల్లలు రెండు మూడు వారాలు తెల్లవారుజాము నుంచి నడుములు వంచి ఏరితే, మర ఆడించిన పిండి చలికాలంలో అక్కరకొచ్చేది. తూర్పు ఇంగ్లండ్ వృద్ధులు దీని కట్టుబాట్లను కూడా చెప్పారు. పొలంలో ఒక్క పన మిగిలి ఉన్నంతసేపూ ఎవరూ అడుగుపెట్టకూడదు. చర్చి గంట మోగాకే అందరూ ఒకేసారి దిగాలి. ఇక చట్టం సంగతి చూడండి. 1788లోనే లండన్‌లోని కామన్ ప్లీస్ కోర్టు, పరిగె ఏరుకునే హక్కు ఇంగ్లిష్ చట్టంలో ఎవరికీ లేదని తీర్పిచ్చింది. ఆ తీర్పు ఒక్కటే చదివినవాళ్లు ఆ ఆచారం అక్కడితో ముగిసిందనుకుంటారు. జ్ఞాపకాలేమో మరో వందేళ్లకు పైగా ఊరే నియమాలు పెట్టుకుని దాన్ని నడిపిందని చెబుతున్నాయి. 1860ల నుంచి ప్రభుత్వ సహాయం పొందే బడుల్లో హెడ్మాస్టర్లు రాయాల్సి వచ్చిన దినచర్య పుస్తకాలు కూడా దీన్నే బలపరుస్తాయి. కోతల కాలంలో పిల్లలు రాలేదు, పరిగెకు పోయారు అన్న ఫిర్యాదులు వాటిలో మళ్లీమళ్లీ కనిపిస్తాయి.

జ్ఞాపకాలను సాక్ష్యంగా తీసుకోవచ్చన్న వాదనకు గట్టి ఎదురుదెబ్బ కొట్టిన విమర్శకుడు రేమండ్ విలియమ్స్. పల్లె పచ్చగా ఉన్న కాలం తమకు కాస్త ముందే ముగిసిందని ప్రతి తరమూ అనుకుంటుందని, ఆ తరాన్ని అడిగితే అది ఇంకా వెనక్కి చూపిస్తుందని, అలా పోతే చివరికి ఏదెను తోటే మిగులుతుందని 1973లో ‘ది కంట్రీ అండ్ ది సిటీ’లో చూపించాడు. మాట నిజమే. “ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లు” అనే జ్ఞాపకం సాక్ష్యంగా నిలవదు. అయితే ‘లార్క్ రైజ్’లో ఎనభై దాటిన సాలీ చెప్పింది అలాంటిది కాదు. తన చిన్నతనంలో ఊరి చుట్టూ ఉమ్మడి బీడు ఉండేదని, దానిమీద తన తండ్రి ఆవును, బాతులను, కోళ్లను, పందులను మేపాడని, సరుకును గాడిద బండిలో సంతకు తోలాడని ఆమె వరుసగా చెబుతుంది. ఇది నిట్టూర్పు కాదు, ఆస్తి జాబితా. జూనిపర్ హిల్ బీడుకు 1850లలో కంచె పడింది. ఇంగ్లండ్‌లో 1604 నుంచి 1914 దాకా ఇలా ఉమ్మడి భూములకు కంచె వేయించే చట్టాలు 5,200కు పైగా వచ్చి, సుమారు 68 లక్షల ఎకరాలను కంచెల్లోకి చేర్చాయి. సాలీ జాబితా ఆ అంకెలకు ఒక ఇంటి వైపు నుంచి అర్థం చెబుతుంది.

చేదు జ్ఞాపకాలూ ఇదే దారిలో నడుస్తాయి. వార్విక్‌షైర్‌లోని బార్‌ఫర్డ్‌లో 1826లో పుట్టిన జోసెఫ్ ఆర్చ్ తొమ్మిదేళ్ల వయసులో పంట మీద కాకుల్ని తోలే పనికి కుదిరాడు. రోజుకు పన్నెండు గంటలు, నాలుగు పెన్నీల కూలి. అంతకుముందే, ఏడేళ్లప్పుడు, చర్చి తలుపు తాళపు సందులోంచి ప్రభుభోజన సంస్కారం చూశాడు. ముందు భూస్వామి, తర్వాత రైతులు, ఆ వెనక వ్యాపారులు, చేతివృత్తులవాళ్లు, అందరూ అయ్యాక కూలీలు. ధాన్యం సుంకాలను సమర్థించే అర్జీపై సంతకం పెట్టనందుకు అతని తండ్రికి పద్దెనిమిది వారాలు ఎక్కడా పని దొరకలేదు. తల్లి బట్టలుతికి ఇల్లు నెట్టుకొచ్చింది. బడి ఆడపిల్లలంతా జుట్టు పొట్టిగా కత్తిరించుకోవాలని చర్చి గురువు భార్య ఆజ్ఞాపిస్తే ఎదురు తిరిగిందీ ఆ తల్లే. అప్పటినుంచి ఆ ఇంటికి గురువుగారి దానాలు ఆగిపోయాయి. ఇంత ధైర్యం ఎక్కడిది? వాళ్లుంటున్న చిన్న ఇల్లు వాళ్ల సొంతం. ఖాళీ చేయమనే హక్కు ఏ యజమానికీ లేదు. ఆ ఇంట్లో పెరిగినవాడే 1872 ఫిబ్రవరి 7న వెల్స్‌బోర్న్‌లో చెస్ట్‌నట్ చెట్టు కింద లాంతర్ల వెలుగులో కూలీలతో మాట్లాడాడు. ఆ ఏడాదే జాతీయ వ్యవసాయ కూలీల సంఘం పుట్టింది.

పుస్తకం రాయగలిగినవాళ్లు నూటికి ఒక్కరు, ఆ ఒక్కరి మాటను ఊరందరి మాట అనుకోవచ్చా అన్నది మరో ప్రశ్న. అక్షరంరాని తల్లులు రాయలేదు, చిన్నప్పుడే పోయిన పిల్లలు రాయలేదు. ఈ లోటు పూర్తిగా తీరేది కాదు. అయినా చరిత్రకారిణి జేన్ హంఫ్రీస్ శ్రామికుల ఆత్మకథలు ఆరువందలకు పైగా ఒకచోట చేర్చి, పనిలో చేరిన వయసు, తండ్రుల వృత్తి, కుటుంబంలో ఎందరు అన్న వివరాలను ఇతర ఆధారాలతో సరిపోల్చి 2010లో పెద్ద గ్రంథం వెలువరించింది. ఒక్కొక్కటిగా బలహీనమైన సాక్ష్యం వందల సంఖ్యలో చేరితే ఎంత బలపడుతుందో అది చూపింది. అందులోనూ రాసినవాళ్లు మగవాళ్లే. ఫ్లోరా పుస్తకం విలువ అందుకే ఇంకా పెరుగుతుంది. రాయనివాళ్ల దగ్గరికి నడిచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వేల్స్ నుంచి వచ్చి సఫక్‌లోని బ్లాక్స్‌హాల్‌లో స్థిరపడ్డ జార్జ్ ఇవార్ట్ ఎవాన్స్ పొరుగింటి వృద్ధులు చెప్పింది విని 1956లో పుస్తకం తెచ్చాడు. 1969లో వచ్చిన రొనాల్డ్ బ్లైత్ ‘ఏకెన్‌ఫీల్డ్’లో ఒక కూలీ, 1914లో సైన్యంలో చేరడం పొలం నుంచి విముక్తిగా అనిపించిందని, అక్కడ కడుపు నిండాక ఒళ్లు చేశామని చెబుతాడు.

లారీ లీ పుస్తకం వట్టి తీపి అనేవాళ్లు అందులోని ముసలి దంపతుల కథను మరిచిపోయుంటారు. అర్ధశతాబ్దం కలిసి బతికిన ఆ ఇద్దరిని అధికారులు దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్‌కు తీసుకుపోయి, నియమం ప్రకారం ఆడవాళ్ల విభాగంలో ఒకరిని, మగవాళ్ల విభాగంలో ఒకరిని పెట్టారు. వారం తిరక్కుండా ఇద్దరూ పోయారు. సొంత గూడు చెదిరిన ఆ చోట లీ వాక్యంలో తేనె చుక్క కూడా లేదు.

జ్ఞాపకాలు తలుచుకోవడానికే మిగిలిపోలేదు. టైసో అనే ఊళ్లో 1859లో పుట్టిన జోసెఫ్ ఆష్బీ, కంచెలకు ముందు తమ ఊరి భూమి ఎలా ఉండేదో వెతికి తెలుసుకుని, కూలీలకు చిన్న చెక్కలుగానైనా భూమి కౌలుకివ్వాలని ఊరూరా తిరిగి వాదించాడు. 1961లో ఆ కథను అతని కూతురు రాసింది. అలాంటివాళ్ల ఒత్తిడి ఫలించి, కూరగాయల మడి కోసం స్థలం అడిగితే స్థానిక సంస్థలు చూపించాలని 1908లో చట్టం వచ్చింది. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఇంగ్లండ్‌లోని ఏ పల్లెలోనైనా ఆరుగురు ఓటర్లు కలిసి అర్జీ పెడితే, దాన్ని పరిశీలించడం అక్కడి కౌన్సిల్ బాధ్యత.