అంచుల మీది రాతలు

పాత పుస్తకాలు పోగుచేసే పిచ్చి ఉన్నవాళ్ళలో రెండు తెగలున్నాయి. పేజీలు మల్లెపువ్వులా తెల్లగా ఉండాలనేవారు కొందరు. ఎవరో చదివి, గీతలు గీసి, అంచుల్లో సందేహాలు రాసుకున్న ప్రతే కావాలనే నాబోటివాళ్ళు కొందరు. మార్కెట్లో మొదటి తెగదే పైచేయి. విజ్ఞానశాస్త్ర చరిత్ర మటుకు రెండో తెగవైపే ఉందని నా వాదన. నా సాక్షి కోపర్నికస్ గ్రంథం.

భూమే సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని చెప్పిన ఆ లాటిన్ పుస్తకం 1543లో న్యూరెంబర్గ్‌లో అచ్చయింది. ఆ ఏడు మే నెలలోనే గ్రంథకర్త కన్నుమూశాడు. మొదట నాలుగైదు వందల ప్రతులు వేసి ఉంటారని అంచనా. 1566లో బాసెల్ నగరంలో రెండో కూర్పు వచ్చింది. నిండా లెక్కలూ పట్టికలూను. ఇంత కష్టమైన పుస్తకాన్ని ఎవరూ చదవనేలేదని 1959లో ఆర్థర్ కెస్ట్లర్ అనే రచయిత కొట్టిపారేశాడు.

1970లో హార్వర్డ్ ఆచార్యుడు ఓవెన్ గింగరిచ్ ఎడింబరో రాయల్ అబ్జర్వేటరీలో ఒక మొదటి కూర్పు ప్రతిని తెరిచాడు. అక్కడి పాత పుస్తకాలు క్రాఫర్డ్ ప్రభువు సేకరించి 1888లో దేశానికి ఇచ్చినవి. (గణనయంత్రాల బాబేజ్ సొంత పుస్తకాలు కూడా ఆయనే కొన్నాడు. డబ్బూ అభిరుచీ ఒకేచోట ఉండటం అరుదు!) ఆ ప్రతి అంచులనిండా చక్కటి దస్తూరీతో రాతలు. అట్టమీది పొడి అక్షరాలూ దస్తూరీ కలిపి చూస్తే, రాసినవాడు విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎరాస్మస్ రైన్‌హోల్డ్ అని తేలింది.

అసలు విశేషం ఆ రాతలు ఎక్కడున్నాయన్నదే. భూమి తిరుగుడు గురించి చెప్పే మొదటి భాగంలో రాతలు తక్కువ. గ్రహగతుల లెక్కలు వచ్చేసరికి అంచులు నిండిపోయాయి. గ్రహచలనం సమవేగంతో, వృత్తాకారంలో సాగాలన్న పాత సూత్రాన్ని కోపర్నికస్ నిలబెట్టాడని ఆయన సంతోషం. భూమి కదిలినా కదలకపోయినా ఆయనకు పెద్ద పట్టింపు లేదు! ఈ సంగతి ఏ చరిత్ర పుస్తకం కన్నా ఆ అంచులే బాగా చెప్పాయి.

ఆ తరువాత గింగరిచ్ ముప్ఫయ్యేళ్ళపాటు ఖండాలు తిరిగి, రెండు కూర్పులవీ కలిపి దాదాపు 600 ప్రతుల వివరాలు రాసుకున్నాడు. గురువు రాతలను శిష్యులు తమ ప్రతుల్లోకి ఎక్కించుకున్నారు కనుక, ఏ ప్రతికి ఏది తల్లో చెప్పగలిగాడు. మన బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పోల్చిచూపించడం నాకు గుర్తొస్తుంది. చర్చివారు 1616లో ఈ పుస్తకాన్ని నిలిపివేసి, 1620లో దిద్దుబాట్లు ప్రకటించారు. ఇటలీలోని ప్రతుల్లో మూడింట రెండు వంతులవరకు కొట్టివేతలు కనిపించాయి, ఇతర దేశాల్లో దాదాపు లేవు. గెలీలియో సొంత ప్రతిలోనూ ఉన్నాయి. కాని అడుగునున్న అక్షరాలు హాయిగా చదువుకునేటంత పల్చగా గీశాడు మహానుభావుడు.

2002లో అచ్చయిన ఆ పట్టిక మరో పనికీ వచ్చింది. ఈ పుస్తకాలకు దొంగల బెడద ఎక్కువ. 2008లో న్యూయార్క్ వేలంలో ఒక మొదటి కూర్పు 22 లక్షల డాలర్లు దాటి పలికింది మరి. గ్రంథాలయం ముద్ర చెరిపెయ్యవచ్చు. పుటపుటకూ ఉన్న రాతలనూ పురుగుల బెజ్జాలనూ దాచడం కష్టం. గింగరిచ్ కోర్టులో సాక్ష్యం చెప్పిన సందర్భం కూడా ఉంది. ఆయన 2023లో పోయారు.

ఇంత తెలిసినా, వెనుకటి రోజుల్లో బైండర్లు చేసిన పని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. శుభ్రం పేరుతో కాగితాలను నీళ్ళలో ఉతికారు, అంచులు సమంగా రావాలని కోసేశారు. వాటితోపాటు ఎందరి ఆలోచనలో చెత్తబుట్టలోకి పోయాయి.

కోపర్నికస్‌ను కొనే తాహతు నాకు లేదు. నా అలమరలో ఉన్నది రాబర్ట్ బాల్ 1885లో రాసిన జనరంజక ఖగోళ గ్రంథం. గురుగ్రహానికి నాలుగు చంద్రులని అచ్చులో ఉంది. ఎవరో పెన్సిలుతో నాలుగు కొట్టేసి, అయిదు అని దిద్ది, పక్కన 1892 అని వేశారు. అయిదోదాన్ని బార్నార్డ్ కనిపెట్టింది ఆ ఏడే. ఆ గీతలు చూపించి దుకాణదారు, పుస్తకం పాడైపోయిందని తనంతట తానే ధర సగం తగ్గించాడు.