జామియా ఉస్మానియాలో మొదటి రోజులు

జూలై, ఆగస్టు వచ్చాయంటే మన ఇళ్ళల్లో ఒకటే హడావిడి. దోస్త్‌లో సీటు వచ్చిందా, హాస్టల్ దొరుకుతుందా, టీసీ, మెమో, బోనఫైడ్ అన్నీ ఫైల్లో పెట్టుకున్నారా, ఫొటోలు ఎన్ని కావాలి? క్లాసులు మొదలయ్యే లోపల పిల్లలు క్యాంపస్ ఒకసారి చూసిరావాలని అబ్బా అంటాడు. ఒంటరిగా వద్దు, మామూను తోడు తీసుకెళ్ళమని అమ్మీ అంటుంది. ఈ ఫికర్ ఈనాటిది కాదు. హైదరాబాద్‌లో దీనికి నూరేళ్ళు దాటిన తారీఖ్ ఉంది.

1917లో అక్బర్ హైదరీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఒక అర్జీ పెట్టారు. పరాయి భాషలో చదవడం వల్ల పిల్లల బుర్ర బట్టీకే అరిగిపోతోందని, పై చదువు కూడా దేశీ జుబాన్‌లోనే ఉండాలని అందులోని సారం. నిజాం ఒప్పుకుని ఫర్మాన్ ఇచ్చారు. 1918లో యూనివర్సిటీ ఏర్పడింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీలో అద్దె ఇళ్ళల్లో క్లాసులు మొదలయ్యాయి. తాలిబే ఇల్మ్‌లు 225 మంది, ఉస్తాదులు 25 మంది. ఇప్పుడు మనం ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ అప్పటికి లేదు. దానికి 1934లో పునాదిరాయి వేశారు, 1939 డిసెంబరులో తెరిచారు. అంటే మొదటి ఇరవై ఏళ్ళ పిల్లలు ఇరుకు బంగళాల్లోనే చదివి వెళ్ళారు. బిల్డింగ్ చూసి యూనివర్సిటీని అంచనా వేసే మన అలవాటుకు ఇది మంచి జవాబు.

వాళ్ళకు బిల్డింగ్ కన్నా పెద్ద చిక్కు పుస్తకాలది. ఉర్దూలో డిగ్రీ స్థాయి సైన్సు పుస్తకాలు ఎక్కడున్నాయి? అందుకే యూనివర్సిటీ కన్నా ముందే, 1917లోనే, దారుత్తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపించారు. తర్వాతి కాలంలో జోష్ మలీహాబాదీ లాంటి షాయర్ కూడా అక్కడ నౌకరీ చేశారు. వాళ్ళ అసలు మెహనత్ ఇస్తిలాహాత్ మీద, అంటే పారిభాషిక పదాల మీద. ఫిజిక్స్‌ను తబీయియాత్ అన్నారు, ఎకనామిక్స్‌ను మఆషియాత్, సోషియాలజీని ఇమ్రానియాత్, బోటనీని నబాతాత్ అన్నారు. కొత్త పదాలు అరబ్బీ నుంచి తేవాలా, ఇంగ్లీషువే ఉంచేయాలా అని ఆలిముల మధ్య పెద్ద బహస్‌లే నడిచాయి. వహీదుద్దీన్ సలీమ్ పదాల తయారీ మీదే ఒక పూర్తి పుస్తకం రాశారు. ఆ తర్వాత మెడిసిన్ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఎంబీబీఎస్ ఉర్దూలోనా అని నేటి పిల్లలు నమ్మరు గానీ, అలా చదివి డాక్టర్లయినవాళ్ళు ఈ ఊళ్ళో ఉండేవారు.

ఇంగ్లీషును మాత్రం గెంటేయలేదు. ప్రతి ఒక్కరికీ అది లాజ్మీ సబ్జెక్టు. ముస్లిం పిల్లలకు దీనియాత్, మిగతావాళ్ళకు అఖ్లాఖియాత్. హాస్టల్‌ను ఇఖామత్‌ఖానా అనేవారు. కొత్తగా వచ్చినవాడు మొదటి వారంలో నేర్చుకోవలసినవి ఇవి.

ఇక్కడి దాకా మన బుజుర్గులు గర్వంగానే చెబుతారు, ఆ గర్వం న్యాయమే. అయితే కథ అక్కడ ఆగిపోతే సగమే చెప్పినట్టు. నిజాం రాజ్యంలో ఎక్కువ మంది ఇళ్ళల్లో మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడం. ఉర్దూ దేశీ జుబానే, కానీ వరంగల్ నుంచో కరీంనగర్ నుంచో రైలు దిగిన తెలుగు పిల్లవాడికి అది మాదరీ జుబాన్ కాదు. తహసీల్, జమాబందీ, దస్తావేజు, గిర్దావర్ లాంటి కచేరీ మాటలు వాడికి ఊళ్ళోనే తెలుసు. తబీయియాత్ తెలియదు. పరాయి భాషలో చదువు బరువని హైదరీ చెప్పిన మాట ఆ పిల్లవాడికీ వర్తిస్తుంది. తెలుగును అసలు పట్టించుకోలేదని కాదు. రాయప్రోలు సుబ్బారావు అక్కడ తెలుగు శాఖకు ఆచార్యులు. కానీ ఒక సబ్జెక్టుగా ఉండటం వేరు, చదువుకే మాధ్యమంగా ఉండటం వేరు.

అయినా ఆ పిల్లలు ఆ జుబాన్‌ను తమది చేసుకున్నారు. సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకునే పైకి వచ్చారు. దాశరథి గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చారు. అందోల్‌లో పుట్టి చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్న మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడే ఎం.ఏ. చేశారు. అయితే 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను చదువుల నుంచి తొలగించారు. వాళ్ళను నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. పి.వి. నరసింహారావు అలా వెళ్ళినవారిలో ఒకరు. నా అభిప్రాయంలో ఇది ఆ దర్స్‌గాహ్ చరిత్రలో చెడ్డ పేజీ. దాన్ని దాచిపెట్టి మన పిల్లలకు ఉస్మానియా గురించి చెప్పకూడదు.

1948 తర్వాత తిరగబడింది. పోలీసు చర్య అయిన కొద్ది కాలానికే మాధ్యమం ఇంగ్లీషు అయింది. ఉర్దూలో ఇంటర్ చదివి వచ్చినవాళ్ళు డిగ్రీ మధ్యలో మళ్ళీ కొత్తవాళ్ళయ్యారు. ముప్పై ఏళ్ళ తర్జుమాల మెహనత్ అల్మారాల్లోకి వెళ్ళింది. ఉర్దూలో పై చదువు చెప్పే మౌలానా ఆజాద్ యూనివర్సిటీ గచ్చిబౌలిలో 1998లో వచ్చే దాకా అర్ధ శతాబ్దం పట్టింది.

పోయిన ఏడాది మా ఆపా కూతురు నల్గొండ జిల్లా నుంచి వచ్చింది. తెలుగు మీడియంలో ఇంటర్, ఇంట్లో మాత్రం ఉర్దూ, అది కూడా మాట్లాడటమే, చదవడం రాదు. ఇప్పుడిక డిగ్రీ ఇంగ్లీషులో. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నిలబడి, "మామూ, ఇక్కడ మనకు ఏ భాష పనికొస్తది?" అని అడిగింది. "ముందు ఇంగ్లీషు నోట్సు తెలుగులో అర్థం చేసుకో బేటా, ఇంగ్లీషు వెనకాలే వస్తది. ఉర్దూ అలిఫ్, బే రాత్రిపూట నేను నేర్పిస్తా" అన్నాను. నెల రోజులు ఫోన్లోనే నేర్పించాను. ఇప్పుడు దుకాణాల బోర్డులు చదువుతోంది.

క్లాసులకు ముందు పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆర్ట్స్ కాలేజీ దగ్గర ఆగిపోకండి. ఆ గులాబీ రంగు గ్రానైటు కట్టడంలో కోణపు కమానులు ఒక సంప్రదాయానివి, స్తంభాలు అజంతా, ఎల్లోరాలను గుర్తుచేసేవి. బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ గీసిన నక్షా అది. లైబ్రరీలో అరబ్బీ, ఫార్సీ చేతిరాత గ్రంథాలున్నాయి. క్యాంపస్‌లోనే దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో మొదలై, పాత అరబ్బీ గ్రంథాలను సరిచూసి అచ్చువేసే సంస్థ. యూనివర్సిటీ కన్నా ముప్పై ఏళ్ళు పెద్దది. మన పిల్లల్లో చాలామందికి దాని పేరే తెలియదు. లోకల్ రైలులో వెళ్తే దిగే స్టేషన్ పేరు జామై ఉస్మానియా. జామియా అన్న మాట బోర్డు మీద జామైగా మారింది. అక్కడి నుంచి క్యాంపస్‌లోకి నడిచి వెళ్ళవచ్చు, ఎండలో అయితే నీళ్ళ బాటిల్ పెట్టుకోండి.