కొండ పెట్టిన సారె

అరకు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన చోటు దొరికితే ఇక మాటలుండవు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు, పెద్దవాళ్ళు నవ్వులు. ఆమధ్య నేను వెళ్ళినప్పుడు ఎదుటి సీట్లో ఒకమ్మాయి మాత్రం చీకటి పడగానే ఒళ్ళో జిరాక్సు కాగితాలు మూసేయడం, వెలుగు రాగానే తెరవడం. ఉండబట్టలేక అడిగాను.

"పరీక్షలా అమ్మాయ్?"

"అవునండీ. లైబ్రరీ సైన్సు, పీజీ."

"పుస్తకాలు బీరువాల్లో సర్దడానికి కూడా పీజీ ఉందా!" అనేశాను. నవలలు రాసి, లైబ్రరీల పుణ్యమా అని నలుగురి నోళ్ళలో పడినదాన్ని, నేనే అలా అంటే ఎలా చెప్పండి! ఆ పిల్ల నొచ్చుకోలేదు. "సర్దడానికి కాదండీ, తియ్యడానికి" అంది.

వాళ్ళది అరకు అవతల కొండమీది ఊరట. చిన్నప్పుడు చదివిన ఆశ్రమ పాఠశాలలో బీరువా నిండా పుస్తకాలుండేవట గానీ దాని తాళం తీయగా చూసిన గుర్తు లేదట. ఆ తాళమే ఈ చదువులోకి తెచ్చిందని నవ్వింది. మరి స్కాలర్‌షిప్పు వస్తుందిగా అంటే, "వస్తుందండీ, పరీక్షలయ్యాక వస్తాది. ఫీజు ముందే కట్టాలి కదా. అమ్మ మిరియాలు అమ్మి కట్టింది" అంది.

ఆ మాట దగ్గర నాకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టుక గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరిన ఆ విశ్వవిద్యాలయం 1935లో గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ ప్రారంభించింది. అప్పటికి దేశంలో ఆ చదువు చెప్పే చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1911లో బరోడాలో బోర్డెన్, 1915లో లాహోరులో డికిన్‌సన్ – ఇద్దరూ అమెరికా వాళ్ళే – చెప్పారు. 1929లో మద్రాసులో రంగనాథన్ గారు మొదలుపెట్టారు. తర్వాత మనవాళ్ళే. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరుపుకున్న జాతి కదా, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

సరే, ఆ విశ్వవిద్యాలయానికి తిండి పెట్టిందెవరు? జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు. 1931లో గద్దెక్కారు. తెలుగులో కవి, పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చేలా ఏర్పాటు చేశారు. తులం బంగారం నలభై రూపాయలు దాటని రోజులవి. ఆ లక్షతో ఎన్ని కాసులపేర్లు చేయించవచ్చో లెక్క మీరే వేసుకోండి. అక్కడి సైన్సు కళాశాలకి ఆయన పేరు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

జయపురం ఇవాళ ఒడిశాలో కోరాపుట్ జిల్లాలో ఉంది. అప్పట్లో మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలోదే. అరకు ఉన్నదీ ఆ తూర్పు కనుమల వరసలోనే. రాజుగారి లక్ష ఆకాశంలోంచి రాలలేదు. ఆ కొండల శిస్తు అది. పోడు కొట్టి సామలు, రాగులు పండించుకునే వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. ఆ కొండల్లో గోతి అనే పద్ధతి ఉండేది. అప్పు తీరేదాకా మనిషి ఇచ్చినవాడి ఇంట్లో చాకిరీ చేయాలి. ఒక్కోసారి అప్పు తీరదు, మనిషే తీరిపోతాడు. రాజుగారి మనసుని తక్కువ చెయ్యడం లేదు సుమండీ. అలాంటి శిస్తుని గుర్రప్పందేల్లో తగలేసిన జమీందార్లు మనకి కొత్తా! కానీ పుట్టింటి సారె గురించి చెప్పుకునేటప్పుడు, అది మోసుకొచ్చిన వాళ్ళ పేరు కూడా ఒకసారి తలవాలి కదా.

1936లో ఒరిస్సా వేరయింది, జయపురం అటు వెళ్ళిపోయింది. పుట్టిల్లు ఒక రాష్ట్రంలో, సారె తిన్న ఇల్లు ఇంకో రాష్ట్రంలో.

ఇంకో లక్ష సంగతి కూడా చెప్పాలి, ఇది మన ఆడవాళ్ళకి నచ్చుతుంది. 1956లో రంగనాథన్ గారు జీవితమంతా కూడబెట్టిన లక్ష రూపాయలు మద్రాసు విశ్వవిద్యాలయానికిచ్చి, గ్రంథాలయ శాస్త్రానికి ఒక ఆచార్య పీఠం పెట్టించారు. దానికి తన పేరు కాక భార్య శారదమ్మగారి పేరు పెట్టారు. పొద్దస్తమానం పుస్తకాలతో కాపురం చేసే మనిషి జీతంలోంచి లక్ష మిగిలిందంటే, అందులో చింతపండు దగ్గర చేసిన పొదుపెంతో ఏ చరిత్రకారుడూ రాయడు.

ఇక కొండపిల్లలకి తిరిగి రావలసిందెప్పుడొచ్చింది? మెట్రిక్ దాటిన చదువులకి స్కాలర్‌షిప్పులు హరిజనులకి 1944లో మొదలుపెట్టారు. గిరిజనులకి 1948లో వచ్చాయి. ఇప్పుడు పరిశోధన చేసే గిరిజన విద్యార్థులకి కేంద్రం ఏటా 750 ఫెలోషిప్పులు పెట్టింది. యూజీసీ పరీక్ష నెగ్గితే లైబ్రరీ సైన్సు వాళ్ళకీ, మిగతావాళ్ళలాగే, 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయల లెక్కన ఇస్తున్నారు. బెంగుళూరులో రంగనాథన్ గారు 1962లో పెట్టిన కేంద్రంలో పీజీ పిల్లలకే నెలనెలా స్టైపెండు ఇస్తారు. మంచిదే. కానీ పరిశోధన దాకా వెళ్ళాలంటే ముందు పీజీ గట్టెక్కాలి కదా! ఆ రెండేళ్ళూ ఎవరు పోషిస్తారు? డబ్బు మంజూరవుతుంది, కాదనను. కానీ మెస్సువాళ్ళు మంజూరైన కాగితం చూసి అన్నం వడ్డించరు.

అరకులో ఆ పిల్ల దిగిపోయింది. పేరు అడగడం మర్చిపోయాను.

మర్నాడు శుక్రవారం సంత. పసుపు, చింతపండు, అడ్డాకులు. ఒక మూల ఒకావిడ మిరియాలు పోసుకు కూర్చుంది. చెప్పిన ధరకి సగం నుంచి మొదలుపెట్టాను. మన చేతి అలవాటు, నోటి అలవాటు ఎక్కడికి పోతాయి! చివరికి ఇరవై రూపాయలు తగ్గించి, విజయగర్వంతో సంచీ మూసి నాలుగడుగులు వేశాక, రైల్లో పిల్ల అన్న మాట చెవిలో పడింది. వెనక్కి వెళ్ళి ఆ ఇరవై ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడకి నా భాష సరిగా తెలీదు, నాకు ఆవిడ ఒడియా అసలే రాదు. నోటు వంక చూసింది, నా వంక చూసింది. సరుకు చాల్లేదని వెనక్కి వచ్చాననుకుంది కాబోలు, ఇంకో దోసెడు మిరియాలు తీసి నా సంచిలో పోసింది.