గుండ్లకమ్మకు ముందు పదిహేను నెలలు

ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర అనగానే ఒక అంకె గుర్తుకొస్తుంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. జూబిలీ సంచికల్లో పెద్దక్షరాలకెక్కేది ఆ అంకే. అయితే రక్షణ క్రీస్తులో మాత్రమే ఉందని బోధించే సంఘానికి, ఆ అంకెకు ముందున్న సున్నా ఇంకా బలమైన సాక్ష్యం. అంతకుముందు దాదాపు 15 నెలలు ఈ సంఘం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

అవి ధాత కరువు రోజులు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే అక్కడ మేస్త్రీలు. పని ఆగినప్పుడు సువార్త చెప్పేవారు, విన్నవారు బాప్తిస్మం అడిగేవారు. అయినా ఆగమన్నారు. కూలి ఇచ్చే చెయ్యీ బాప్తిస్మమిచ్చే చెయ్యీ ఒకటే అయితే, వచ్చినవాడు నమ్ముకున్నది క్రీస్తునో కాలువనో తేల్చేదెవరు? గింజలతో కొన్న విశ్వాసం గింజలు అయిపోగానే పోతుంది. అందుకే ఆ నిరాకరణ కేవలం ముందుజాగ్రత్త కాదు, అది సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టడం.

కూటికోసమే కలిశారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ జనం నదికి తరలివచ్చింది సహాయ నిధులు అయిపోయాక. పైగా 1867 జనవరి 1న ఎనిమిదిమందితో సంఘం ఏర్పడిన తొలినాళ్లలో విశ్వాసం కూడు పెట్టలేదు, ఉన్న కూడే పోగొట్టింది. యర్రగుంట్ల పేరయ్య వంటి బోధకుల మాట విన్న మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, జాతరల్లో డప్పు కొట్టబోమన్నారు. ఊరిపెద్దల కక్షకు గురయ్యారు. పల్లెలకు పల్లెలే కదిలితే అది సొంత విశ్వాసం ఎలా అవుతుందన్నది ఇంకో ప్రశ్న. మంచీచెడూ బంధువులతో కలిసి తేల్చుకునే పల్లెలో కబురు చుట్టరికం దారినే నడుస్తుంది. నీళ్లలోకి మాత్రం ఒక్కొక్కరే దిగారు. మనిషిగా బతకాలన్న ఆశ కూడా అందులో కలిసి ఉండవచ్చు. కాదనక్కర్లేదు. ఆ ఆశతో క్రీస్తు దగ్గరికి వచ్చినంతమాత్రాన నమ్మకం అబద్ధమైపోదు.

బడీ ఆసుపత్రీ నడిపే ప్రతి సంఘానికీ ఆ 15 నెలలు ఒక కొలబద్ద. సాయం అందరిదీ, దానికి షరతు ఉండకూడదు. విశ్వాసానికి క్రీస్తు తప్ప వేరే ఆధారం ఉండకూడదు. ఎంతమంది వచ్చారో లెక్క చెప్పే ముందు, ఎవరిని ఎందుకు ఆగమన్నామో చెప్పగలగాలి.